కారు పక్క అద్దాలకు సన్ ఫిల్మ్ మనమే వేసుకోవచ్చా? (శ్రీకాకుళం – టెక్కలి రోజువారీ ప్రయాణం)

కుడిచేయి మాస్టారు

అందరికీ నమస్కారం. మా కాపురం శ్రీకాకుళంలో, ఉద్యోగం టెక్కలి అవతల ఒక ఉన్నత పాఠశాలలో. రోజూ కారులోనే వెళ్ళి వస్తాను. నేను చెప్పేది సాంఘికశాస్త్రం కాబట్టి నా బాధను కూడా పటం మీద పెట్టి చూశాను. మన దగ్గర జాతీయ రహదారి ఈశాన్యంగా సాగుతుంది. ఉదయం వెళ్ళేటప్పుడు తూర్పు సూర్యుడు నాకు కుడి పక్కన ఉంటాడు. సాయంత్రం నైరుతిగా తిరిగి వస్తుంటే పడమటి సూర్యుడు, మళ్ళీ కుడి పక్కనే. వేసవి అయినా, చలికాలం అయినా, రెండు పూటలా ఆయనకు దొరికేది డ్రైవరు వైపు అద్దమే. నా రెండు చేతులూ పక్కపక్కన పెడితే ఒక మనిషివి అనుకోరు. అరసవల్లి స్వామికి ఇంత దగ్గరలో ఉంటూ ఆయన మీద ఫిర్యాదు చేయడం బాగుండదు గానీ, భరించలేకపోతున్నాను.

కారు సెకండ్ హ్యాండ్‌ది. పాత యజమాని వెనక అద్దానికి నల్ల ఫిల్మ్ వేయించి, అమ్మేముందు పీకేశారు. జిగురు మాత్రం అక్కడక్కడా మిగిలిపోయింది. నా సందేహాలు ఇవి. పక్క అద్దాలకు ఫిల్మ్ నేనే వేసుకోగలనా? గోడలకు రంగులు, కుర్చీలకు నవారు, ఇంట్లో వైరింగు అన్నీ నేనే చూసుకుంటాను, చేతికి ఓపిక ఉంది. ఎంత నలుపు వరకు పోలీసులు ఊరుకుంటారు? మడపాం టోల్ గేటు దగ్గర రోజూ ఆగాల్సినవాణ్ణి, తలనొప్పి తెచ్చుకోదలచుకోలేదు.

బొబ్బిలి వీణ

మాస్టారూ, ఇంత ఆలోచన ఎందుకండీ? కటిక నలుపు వేయించేయండి, లోపల చల్లగా ఉంటుంది. మా బావగారి బండికి ఎప్పటి నుంచో ఉంది, ఎవరూ అడగలేదు.

మూడు లాంతర్లు

మీ బావగారిని ఇప్పటి వరకు అడగలేదంటే ఇక ముందూ అడగరని కాదు. విజయనగరం కోర్టు ఆవరణలో గుమాస్తా పనిలో ఉన్నాను, చెప్పే అర్హత అంత మాత్రం ఉంది.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో అద్దాల సంగతి చెప్పేది 100వ నియమం. ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుగు లోపలికి రావాలి. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా బిగించింది. ఆ శాతాలు కంపెనీ తయారుచేసిన గాజుకు వర్తించేవని, ఆ పైన ఎంత పలుచని ఫిల్మ్ అయినా అతికించకూడదని చెప్పింది. ఆ ఏడాది మే 4 నుంచి అది అమలులోకి వచ్చింది. చాలామందికి కథ ఇంతవరకే తెలుసు.

తర్వాత 2020లో నియమాన్నే సవరించారు. 2021 ఏప్రిల్ 1 నుంచి ‘సేఫ్టీ గ్లాస్’తో పాటు ‘సేఫ్టీ గ్లేజింగ్’ కూడా చేరింది. అంటే లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న గాజు కూడా, భారతీయ ప్రమాణం ఐఎస్ 2553 రెండో భాగానికి సరిపోతే, చెల్లుతుందన్నమాట. 70, 50 శాతాలు మాత్రం మారలేదు. దీన్ని పట్టుకునే 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ఆ శాతాలకు లోబడి ఫిల్మ్ వేసుకున్న వాహనదారులకు జరిమానా విధించకూడదని తీర్పు ఇచ్చింది.

అయితే మాస్టారూ, అది కేరళ హైకోర్టు. మన రోడ్డు మీద నిలబడ్డ కానిస్టేబులుకు 2012 నాటి మాటే గుర్తుండవచ్చు. అందుకని పక్క అద్దాలు మొత్తం మీద 50 శాతం దాటి ఉండేలా చూసుకోండి. ఫిల్మ్ బిల్లు, దాని మీద శాతం ముద్రించి ఉన్న కాగితం కారులోనే పెట్టుకోండి. ఎవరైనా ఆపితే ఆ కాగితం చూపించి ఊరుకోండి. రోడ్డు పక్కన నిలబడి చట్టం చదివి వినిపించి గెలిచినవాళ్ళను నేను చూడలేదు.

గాజుపని

మాస్టారూ, నేను శ్రీకాకుళంలో ఒక కారు అలంకరణ దుకాణంలో ఈ పనే చేసేవాణ్ణి. ఇప్పుడు సీటు కవర్లు కుడుతున్నాను. 2012 మే నెల మాకు బాగా గుర్తు. అంతకు ముందు వారం దాకా ఫిల్మ్ వేయించుకోవడానికి వరుస కట్టినవాళ్ళే ఆ వారం పీకించుకోవడానికి వరుస కట్టారు. మేము అతికించినవి మేమే పీకాం. రోల్స్ అటక ఎక్కాయి. యజమాని కుట్టు మిషను కొన్నాడు. మూడు లాంతర్లు గారు చెప్పిన తీర్పు మా పొయ్యి మీదకు ఎలా వచ్చిందో చెబుతున్నాను, అంతే. కక్షేమీ లేదు. ఆ రోజుల్లో మేము అమ్మినదాంట్లో ఎక్కువ భాగం మంచి సరుకు కాదు.

ముందు బొబ్బిలి వీణ గారి మాట సంగతి. నలుపుకూ చల్లదనానికీ చుట్టరికం లేదు. ఎండలో వచ్చే శక్తిలో ఇంచుమించు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలది. చవక నల్ల ఫిల్మ్ అంటే రంగు అద్దిన ప్లాస్టిక్. అది వెలుగును ఆపుతుంది, ఆపినదంతా తానే తాగి వేడెక్కుతుంది, ఆ వేడిలో కొంత తిరిగి మీ మీదకే పంపుతుంది. మధ్యాహ్నం ఎండలో నిలిపిన నల్ల ఫిల్మ్ కారు అద్దం లోపలి వైపు వేలు పెట్టి చూడండి, తెలుస్తుంది. కొంతకాలానికి రంగు విరిగి వంకాయ రంగుకు తిరుగుతుంది. సిరామిక్ అని అమ్మే ఫిల్మ్ దాదాపు తెల్లగానే, అంటే రంగు లేకుండా, ఉండి పరారుణాన్ని ఎక్కువగా ఆపగలదు. లోహపు పూత ఉన్నవి కూడా వేడిని బాగా ఆపుతాయి గానీ, ఫోను, జీపీఎస్ సిగ్నళ్ళకు అడ్డు పడతాయి. ఎలాగూ మీకు అవి వద్దు.

మీ చేయి సంగతి ఇంకొకటి. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసినది. ఆ పొర అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. తలుపు అద్దం మామూలుగా ఒంటి పలక, వేడి చేసి గట్టిపరచిన గాజు. లోపల పొర ఉండదు. చర్మాన్ని నల్లబరిచే కిరణాల్లో చాలా వరకు దాని గుండా వచ్చేస్తాయి. కాబట్టి చేయి కమలడం ఆగాలంటే నలుపు అవసరం లేదు, మంచి తెల్ల ఫిల్మ్ చాలు. అతినీలలోహితాన్ని 99 శాతం ఆపుతుందని పేరున్న కంపెనీల ఫిల్మ్‌ల మీద రాసే ఉంటుంది.

ఇప్పుడు లెక్క. చాలా కార్ల పక్క అద్దాలు కంపెనీ నుంచే లేత ఆకుపచ్చగా వస్తాయి, 70 నుంచి 80 శాతం వెలుగును పోనిస్తాయి. మీది 75 అనుకుందాం. దాని మీద ‘50 శాతం’ ఫిల్మ్, అంటే సగం వెలుగును పోనిచ్చేది, వేస్తే మొత్తం 50 అవదు. 75లో సగం, అంటే 37 చిల్లర. చట్టం దాటిపోయారు. 70 శాతం ఫిల్మ్ వేస్తే 52 చిల్లర. అంచు మీద ఉన్నారు గానీ లోపలే ఉన్నారు. అందుకే మీ గాజు 75 అయితే 70 గానీ ఆ పైన గానీ ఉన్నదే కొనండి. ముందు, వెనక అద్దాల జోలికి వెళ్ళకండి. అక్కడ మొత్తం 70 మిగలాలి, 75 శాతం గాజు మీద 90 శాతం ఫిల్మ్ వేసినా 67 చిల్లరే వస్తుంది. పైగా వాటి వంపు కొత్త చేతికి లొంగదు.

దుకాణంలో ఎర్ర బల్బు వెలిగించి, ఫిల్మ్ ఉన్న గాజు వెనక చేయి పెట్టమంటారు. అబ్బ, ఎంత చల్లగా ఉంది అనిపిస్తుంది. ఆ బల్బు ఇచ్చేదంతా ఇంచుమించు పరారుణమే, సూర్యుడు అలా కాదు. దాన్ని చూసి మురిసిపోకుండా, ‘మొత్తం సౌరశక్తిలో ఎంత శాతం ఆపుతుంది’ అని అడగండి. పరారుణం శాతం మాత్రమే చెప్పి ఇది చెప్పలేకపోతే లేచి వచ్చేయండి.

ఇక పని. నాలుగు తలుపుల అద్దాలు ఇంట్లో వేసుకోవచ్చు. ఎంతమంది వద్దన్నా నేను వేసుకోవచ్చనే అంటాను. అద్దం దాదాపు చదునుగా ఉంటుంది, కిందకీ పైకీ జరుగుతుంది, అదే మీకు సాయం. మొదట వెనక సీటు తలుపు అద్దంతో మొదలుపెట్టండి. చేయి తిరిగాక డ్రైవరు వైపు.

కారును నీడలో, గాలి వీచని చోట పెట్టండి. మీ దారిలో గ్రానైటు లారీల దుమ్ము ఎంత ఉంటుందో నాకు తెలుసు, ముందు రోజే బయట, లోపల కడిగించండి. పని మొదలుపెట్టే ముందు నేల మీద నీళ్ళు చల్లండి. ఫ్యాను వద్దు. ఉన్ని చొక్కా, తువ్వాలు దగ్గరికి రానివ్వకండి, నూలు పోగులు రాల్చే గుడ్డ ఏదైనా శత్రువే. స్ప్రే సీసాలో లీటరు నీళ్ళకు కొన్ని చుక్కలు బేబీ షాంపూ. బోరు నీళ్ళు వద్దు, ఆరాక తెల్ల మచ్చలు ఫిల్మ్ కింద ఉండిపోతాయి. బ్యాటరీలో పోసే నీళ్ళు వాడండి.

అద్దం లోపలి వైపు తడి చేసి, కొత్త బ్లేడుతో పైనుంచి కిందకు గీయండి. కంటికి శుభ్రంగా కనిపించే అద్దం మీద కూడా బ్లేడు కింద కరకర వినిపిస్తుంది. ఆ చప్పుడు పోయేదాకా గీయాలి. అయినా దుమ్ము ఎక్కడి నుంచి వస్తుందో చెప్పనా? అద్దం కిందకు దిగే సందులో, రబ్బరు బీడింగు లోపల ముఖమల్ లాంటి పట్టీ ఉంటుంది. ఇసుక రేణువులన్నీ దాని నూగులో కూర్చుని ఉంటాయి. మీరు ఫిల్మ్ కింది అంచును ఆ సందులోకి దోపగానే నీళ్ళతో పాటు పైకి ఎక్కి జిగురుకు అంటుకుంటాయి. బయటి నుంచి అవి బుడగల్లా కనిపిస్తాయి, ఎంత రుద్దినా పోవు. అందుకని ఆ పట్టీని ముందే నీళ్ళు కొట్టి కొట్టి కడగండి, లేకపోతే దాని మీద మాస్కింగ్ టేపు వేయండి.

ఫిల్మ్‌ను అద్దం బయటి వైపు పరిచి కోయాలి. దానికి ఒక పక్క పారదర్శకమైన పొర ఉంటుంది, జిగురు దాని కిందే. కోసేటప్పుడు ఆ పొర మీ వైపు ఉండాలి. తిరగేసి కోస్తే కోత అంతా వృథా, లోపలికి తీసుకెళ్ళాక ఆకారం తలకిందులవుతుంది. పైన, పక్కల అద్దం అంచుకు రెండు మిల్లీమీటర్ల లోపలికి కోయండి. అంచు దాకా వదిలితే రబ్బరులో రాసుకుని చిన్న చిన్నగా లేచిపోతుంది. కింద మాత్రం రెండు అంగుళాలు ఎక్కువ ఉంచండి.

పొర విడదీయడం ఒంటి చేతి పని కాదు. ఒక మూలకు అటూ ఇటూ రెండు సెల్లోటేపు ముక్కలు అంటించి లాగితే నోరు తెరుస్తుంది. ఒకరు లాగుతుంటే ఇంకొకరు బయటపడ్డ జిగురు మీద ఆగకుండా నీళ్ళు కొట్టాలి. వేళ్ళు కూడా తడిపి ఉంచండి. అద్దాన్ని కొంచెం కిందకు దించి పై అంచును సరిచూసి పెట్టండి, పై సగాన్ని నీళ్ళు బయటికి నెట్టే రబ్బరు పలకతో నడిమి నుంచి పక్కలకు తోయండి. అప్పుడు అద్దం పైకి ఎక్కించి, కింది అంచును బీడింగు సందులోకి దోపి, మిగతాది తోయండి. నీళ్ళు ఉన్నంతసేపూ ఫిల్మ్ మీ మాట వింటుంది, అటూ ఇటూ జరుగుతుంది. ఎండలో చేస్తే నీళ్ళు చప్పున ఆరిపోయి ఎక్కడ తగిలితే అక్కడే పట్టేస్తుంది. అందుకే నీడ అన్నాను.

కుడిచేయి మాస్టారు

గాజుపని గారూ, పాఠం చెప్పే నాకే పాఠంలా ఉంది, చాలా సంతోషం. రెండు సందేహాలు. హీట్ గన్ కొనాలా? వెనక అద్దం మీద ఆ పాత జిగురును ఏం చేయాలి? దాని మీద ఎర్రటి సన్న గీతలు అడ్డంగా ఉన్నాయి, బ్లేడు పెట్టడానికి చేయి రావడం లేదు.

వంశధార ఒడ్డు

గాజుపని అన్నగారు చెబుతారు, ఈలోగా నా మాట. మాది నరసన్నపేట. మా ఆయనా నేనూ మా కారుకు సొంతంగా వేసుకున్నాం. పని కన్నా తర్వాతి రోజులు కష్టం మాస్టారూ. వేసిన మర్నాడు అద్దంలో మబ్బు పట్టినట్టు మసక, అక్కడక్కడా నీటి బొబ్బలు. పాడైపోయిందని మా ఆయన పీకబోతే నేనే ఆపాను. లోపల చిక్కిన తేమ నిదానంగా ఆరాలి. మనది సముద్రానికి దగ్గర, గాలిలో చెమ్మ ఎక్కువ, రెండు మూడు వారాలు ఓపిక పట్టాల్సిందే. వానాకాలంలో వేస్తే ఇంకా ఆలస్యం. నా సలహా అడిగితే సంక్రాంతి సెలవుల్లో పెట్టుకోండి. అప్పుడు ఎండ ఉంటుంది గానీ మండదు.

ఇంకొకటి, వేసిన తర్వాత కనీసం నాలుగైదు రోజులు ఆ అద్దాలు దించకూడదు. మా పిల్లలు స్విచ్చు కనిపిస్తే నొక్కకుండా ఉండరు. తలుపుల స్విచ్చులన్నిటి మీదా టేపు అంటించాం. టోల్ గేటు దగ్గర ఏమైనా మాట్లాడాల్సి వస్తే తలుపు తెరిచి మాట్లాడాల్సి వచ్చేది, వెనక బండివాళ్ళు హారన్లు. ఫాస్టాగ్‌లో డబ్బులు ముందే చూసుకోండి.

నెల రోజుల దాకా అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ వాడకండి. ఆ తర్వాత కూడా వాడకపోవడమే మంచిది. తడి గుడ్డ చాలు.

వేడి తగ్గిందా అంటే, నడిచేటప్పుడు చేతికీ మెడకూ బాగా తెలిసింది. ఎండలో నిలిపిన కారు మాత్రం ఎప్పటిలాగే కొలిమి. ముందు అద్దం గుండా వచ్చేదాన్ని పక్క అద్దాల ఫిల్మ్ ఆపదు కదా. దానికి మడత అట్ట కొనుక్కున్నాం, డాష్‌బోర్డు ముందు నిలబెడతాం. ఎక్కగానే అద్దాలు దించి ఆ వేడి గాలి పోయాకే ఏసీ వేస్తాం.

గాజుపని

అమ్మా, బాగా చెప్పారు. ఆ మసక చూసి దుకాణానికి తిరిగి వచ్చి మాతో పోట్లాడినవాళ్ళు బోలెడుమంది. మడత అట్ట సంగతి కూడా నిజం. ఫిల్మ్ అమ్మేవాడు ఆ మాట చెప్పడు.

మాస్టారూ, హీట్ గన్ కొనకండి. చిన్న కార్ల తలుపు అద్దానికి వంపు తక్కువ, లేత ఫిల్మ్ చాలా వరకు వేడి లేకుండానే కూర్చుంటుంది. కింద అంచు దగ్గర నిలువుగా వేళ్ళలా మడతలు లేస్తే జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు చాలు. బయటి వైపు నుంచి, ఒకచోట నిలపకుండా ఆడిస్తూ పట్టండి, మడత మెత్తబడగానే రబ్బరుతో కిందకు తోసేయండి. హీట్ గన్ కొత్త చేతిలో ఉంటే ఫిల్మ్ ముడుచుకుపోతుంది. గాజు ఒకచోట కాలి పక్కన చల్లగా ఉంటే పగిలే ప్రమాదం కూడా ఉంది.

వెనక అద్దం గీతల మీద బ్లేడు పెట్టకపోవడం మీ అదృష్టం. అవి డీఫాగర్ తీగలు, గాజు మీద ముద్రించినవి. వానలో, మంచులో అద్దం మసకబారితే వేడెక్కి విడగొట్టేవి అవే. అడ్డంగా బ్లేడు గీస్తే గీత తెగుతుంది, తెగిన గీత మొత్తం పనిచేయదు. జిగురు మీద చిక్కటి షాంపూ నీళ్ళు బాగా కొట్టి, పలుచటి పాలిథిన్ కవరు ఒకటి లోపలి నుంచి అతికించినట్టు పరవండి. కారు వెనక భాగం ఎండకు పెట్టి వదిలేయండి. ఎండ మన దగ్గర ఉచితం కదా. జిగురు మెత్తబడ్డాక కవరు ఓ మూల నుంచి తీస్తూ, గీతలు ఏ దిశలో ఉన్నాయో ఆ దిశలోనే మెత్తటి నైలాన్ పీచుతో తుడవండి. గరుకు పీచు, ఇనుప పీచు వద్దు. ఒక్కసారిలో పోదు, మళ్ళీ తడపండి. మొండికేసిన చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకు కొద్దిగా పట్టించి రుద్దండి, తలుపులు తెరిచి ఉంచండి.

అంతా అయ్యాక ఒకసారి డీఫాగర్ వేసి చూడండి. చలికాలం తెల్లవారుజామున అద్దం మీద తేమ పట్టినప్పుడు వేస్తే, పనిచేసే గీతల వెంట తేమ విడిపోతుంది, తెగిన గీత వెంట అలాగే ఉండిపోతుంది. అలాంటిది ఒకటీ అరా కనిపిస్తే అద్దం మార్చమని ఎవరైనా అంటే నమ్మకండి. తెగిన చోట పూయడానికి వెండి కలిపిన పెయింటు చిన్న సీసాల్లో దొరుకుతుంది. గీతకు అటూ ఇటూ టేపు వేసి, తెగిన ముక్క మీద పూసి ఆరనిస్తే కరెంటు మళ్ళీ పారుతుంది.